జాడీకి లక్కముద్ర

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఆ పేరు మీద ఒక విచారణ సంఘం వేస్తారు, ఆ సంఘానికి కుర్చీలు మోయాల్సింది మళ్ళీ నేనే. సముద్రానికి ఆరు మైళ్ళ ఇవతల, కాలవ ఒడ్డున, ఏడాదికి ఒకటో రెండో తుఫానులు వచ్చిపోయే గోదావరి జిల్లా ఊరు అనుకోండి, చాలు. అక్కడి పురపాలక సంఘంలో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు జోగారావు. పదకొండేళ్ళు తాత్కాలిక ఉద్యోగిగా ఉండి కిందటేడే పర్మనెంటయ్యాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో నేను చేసిన ప్రతి పిరికిపనికీ అదే కారణం.

తుఫాను వస్తుందంటే ఏం చేయాలో మా ఊరి వాళ్ళకి ఇదివరకు ఎవరూ చెప్పాల్సి వచ్చేది కాదు. బియ్యం డబ్బా అటక ఎక్కేది. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు ఇంకో డబ్బాలోకి వెళ్ళేవి. అగ్గిపెట్టెలు నూనె కాగితంలో చుట్టి బియ్యంలో పాతేవారు. తాడు, కత్తి, లాంతరు చేతికందే చోట ఉండేవి. ఇదంతా ఎవరి ఉత్తర్వూ లేకుండా, ఏ రిజిస్టరులోనూ పడకుండా జరిగిపోతోందని తెలిసి పైవాళ్ళు చాలా బాధపడ్డారు.

మొదటి ఏడు కరపత్రాలు పంచారు. రెండో ఏడు సర్వే చేశారు. ఆ సర్వేలో ఘోరమైన విషయం ఒకటి బయటపడింది. అత్యవసరం కోసం దాచిపెట్టుకున్న ఆహారాన్ని ప్రజలు తింటున్నారు. తిని, మళ్ళీ కొత్తది పోసి దాస్తున్నారు. దాచిన తాడుతో బట్టలు ఆరేస్తున్నారు. దాచిన కత్తితో కూరలు తరుగుతున్నారు. ఇలాంటి జనాన్ని విపత్తు నుంచి ఎలా కాపాడటమని రాజధానిలో మూడు రోజులు సదస్సు జరిగింది. మూడో ఏడు, ఎండలు మండిపోతున్న మే నెలలో, అత్యవసర నిల్వల పరిరక్షణ ఉత్తర్వు వచ్చింది.

ఉత్తర్వు సారాంశం చిన్నదే. ఇంటింటా ఏడు రోజులకు సరిపడే నిల్వ ఆహారం, మామూలు పనిముట్లు ఒకచోట చేర్చాలి. మేం వెళ్ళి జాబితా రాసుకుని, పురికొస కట్టి, లక్క పోసి ముద్ర వేయాలి. విపత్తు వచ్చినప్పుడు మా ఆఫీసు తొమ్మిదో నంబరు ఫారం మీద విపత్తు ప్రకటన రాసి, సంతకం చేసి, స్టాంపు కొట్టి ఇంటికి అందజేస్తుంది. అది చేతికి అందాకే ముద్ర విప్పాలి. ముందే విప్పితే ఇంటివాళ్ళని ఏమీ అనరు. ఆ ముద్ర వేసిన ఉద్యోగిని సస్పెండు చేస్తారు. ప్రజలకు ఓట్లున్నాయి, మాకు ఉద్యోగాలున్నాయి.

దీన్ని అమలు చేయడానికి మాకు సన్నద్ధతాధికారిగా వరాహమూర్తి గారు వచ్చారు. మంచి మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, అనాలంటే రాతపూర్వకంగా అంటారు. "పై విషయమై" అనకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగరు. మా పట్టణానికి సంపూర్ణ సన్నద్ధ పట్టణం అనే బిరుదు తెప్పించాలన్నది ఆయన జీవితాశయం. రాజధాని నుంచి పరిశీలక బృందం బుధవారం వస్తుందని తెలిసిన దగ్గర్నుంచీ ఆయన సరిగా భోంచేయడం మానేశారు.

ఆయనా, నేనూ, లక్క కరిగించే పిడతతో బంట్రోతు అబ్బులూ వీధి వీధీ తిరిగాం. ప్రమాదంలో ఉన్నవాళ్ళు ఊదడానికి ఇంటికో ఈల ఇచ్చి, దాన్ని పోగొట్టుకోకుండా మూటలోనే పెట్టి సీలు చేశాం. టార్చిలైట్లు సీలు చేశాం. రోజూ సాయంత్రం కరెంటు పోతుంది కదండీ అన్నవాళ్ళకి, రోజూ పోయేది విపత్తు కిందికి రాదని వరాహమూర్తి గారు ఓపిగ్గా వివరించారు. వీధి చివర నూతి దగ్గర చేద, తాడు కూడా సీలయ్యాయి. నీళ్ళెలా తోడుకోవాలని ఆడవాళ్ళు అడిగితే, నీటి ఎద్దడి విపత్తుల జాబితాలో నాలుగోదనీ, అది రాగానే తాడు విప్పి ఇచ్చే పూచీ తనదనీ ఆయన హామీ ఇచ్చారు.

సోమవారం పదింటికి మా వీధికి వచ్చాం. అంటే మా ఇంటికి.

మా ఇంట్లో నేనూ, మా పిన్ని మాణిక్యాంబా ఉంటాం. నాకు తొమ్మిదో ఏట అమ్మ పోతే పిన్నే పెంచింది. ఇప్పుడు ఆవిడకి అరవై ఎనిమిది. నలభై ఏడేళ్ళుగా మా వీధిలో ఏడిళ్ళకి ఆవిడే ఆవకాయ పెడుతుంది. కాయలు వాళ్ళు తెచ్చుకుంటారు, చెయ్యి మాత్రం ఆవిడది. నలభై ఏడేళ్ళలో ఒక్క ఏడు కూడా ఊరగాయ బూజు పట్టలేదు. పిన్నికి చదువు లేదు, సన్మానాలు లేవు, పేరున్నదల్లా ఆ ఒక్క విషయంలోనే.

నేను నాలుగో తరగతిలో ఉండగా పెద్ద గాలివాన వచ్చి వీధిలో నాలుగు రోజులు నడుం లోతు నీళ్ళు నిలిచాయి. వీధిలో డాబా మాదొక్కటే. పదకొండు కుటుంబాలు మా డాబా మీదికి చేరాయి. పిన్ని ఒక తడిక కింద కుంపటి పెట్టుకుని కూర్చుని, నాలుగు రోజులూ అందరికీ అన్నం, ఆవకాయ కలిపి ముద్దలు పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో నాకు ఆకలి అనేదే తెలియలేదు.

ఆ సోమవారం పొద్దున్నే పిన్ని ఎనభై కాయల ఆవకాయ కలిపి, నా నడుం దాకా వచ్చే జాడీకి ఎత్తి, వాసెన కట్టి, ఒళ్ళంతా కారం మంటని స్నానానికి వెళ్ళింది. మేం లోపలికి వచ్చేసరికి హాల్లో జాడీ ఒక్కటే ఉంది. వరాహమూర్తి గారు దాని ముందు ఆగిపోయారు. వాసెన గుడ్డ మీదుగా వస్తున్న వాసన పీల్చారు.

"చూశారా జోగారావు గారూ, ఏడు రోజుల నిల్వ అడిగితే ఏడాది నిల్వ చూపించారు. బృందానికి పై విషయమై మనం చూపించదగిన ఆదర్శ గృహం ఇదే" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఆయన మొహంలో ఆనందం చూసి మూసుకున్నాను. అబ్బులు లక్క పోశాడు. ఇత్తడి ముద్ర నా చేత్తోనే వేశాను. వడియాలు, అప్పడాలు, కందిపొడి, మాగాయ, చింతపండు, అగ్గిపెట్టెలు, లాంతరు, తాడు, గోనెపట్టా, అన్నీ పక్కన ఇంకో మూటలో కట్టి దానికీ వేశాను.

వాళ్ళు వెళ్ళాక పిన్ని తలకి తుండు చుట్టుకుని వచ్చి, జాడీ మూతి మీద ఎర్రటి లక్క చూసి ఆగింది.

"అదేవిట్రా జోగులూ, జాడీకి బొట్టు పెట్టావు?"

"సీలు పిన్నీ. విపత్తు వస్తే గానీ తీయకూడదు."

"ఎల్లుండి మూడో రోజు కదా. తిరగ కలపాలి."

అప్పటికి గానీ నాకు సంగతి వెలగలేదు. ఆవకాయ పెట్టే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు. మొదటి రోజు కలిపింది ఆవకాయ కాదు, ఆవకాయ అయ్యే ప్రయత్నం. మూడో రోజు వాసెన విప్పి, తెడ్డుతో అడుగుదాకా తిరగ కలిపి, ఉప్పు చూసి, మళ్ళీ నూనె పోయాలి. ఆ రోజు దాటితే పై ముక్కలు ఎండుతాయి, బూజు పడుతుంది. ఆ పైన ఎనభై కాయలూ, ఏడిళ్ళ ఏడాదీ పెంటకుప్పకే.

"విప్పేస్తే ఏవవుతుంది?" అంది పిన్ని.

నన్ను సస్పెండు చేస్తారని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పదకొండేళ్ళు తిరిగావు ఆ ఉద్యోగానికి. ముట్టుకోన్లే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం సరిగా తినలేదు.

మంగళవారం ఆఫీసులో అర్జీ పెట్టాను. ఇందుమూలంగా సదరు జాడీని మూడో రోజు తిరగ కలపనిమ్మని ప్రార్థించాను. వరాహమూర్తి గారు రెండుసార్లు చదివి నిజంగానే విచారించారు. ముద్ర విప్పడానికి విపత్తు కావాలి. జాబితాలో పద్నాలుగు విపత్తులున్నాయి, వాటిలో ఆవకాయ లేదు. నిల్వ ఆహారం పాడైపోవడం విపత్తు కాదా అని అడిగాను. అది నష్టం అవుతుందనీ, నష్టాల విభాగం పక్క గదిలో ఉందనీ, వాళ్ళు పాడయ్యాక మాత్రమే అర్జీ తీసుకుంటారనీ చెప్పారు.

అయితే ఆయన నన్ను అంతటితో వదిలేయలేదు. ముద్ర విప్పకుండా కలపడానికి గల అవకాశాలను పరిశీలించేందుకు గంటలో ఒక ఉపసంఘం వేశారు. ఇంజినీరింగు విభాగం నుంచి ఇద్దరు, పారిశుధ్యం నుంచి ఒకరు, కన్వీనరు ఆయనే. నలుగురూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి జాడీ చుట్టుకొలత తీసుకున్నారు. జాడీని నిలువునా తిప్పడం, అడ్డంగా దొర్లించడం, ఉయ్యాలలో వేసి ఊపడం అనే మూడు మార్గాలు చర్చకు వచ్చాయి. మొదటిది ప్రయోగించి చూశారు. నలుగురూ కావలించుకుని జాడీని గుండ్రంగా ఆరుసార్లు తిప్పారు.

అబ్బులు గోడకానుకుని చూస్తున్నాడు. "జాడీ తిరుగుతుందండి. ముక్క ఉన్నచోటే ఉంటుందండి, ఆయ్" అన్నాడు.

ఇంజినీర్లు దొర్లించడానికి చొక్కా చేతులు మడిచారు. అంతవరకూ గుమ్మంలో నిలబడ్డ పిన్ని వచ్చి జాడీకి అడ్డంగా కూర్చుంది. పగిలితే మీ విపత్తు అవుతుందా అని మాత్రం అడిగింది. వరాహమూర్తి గారు చేతిసంచీలోంచి నిబంధనల పుస్తకం తీసి చూసి, కాదమ్మా, అదీ నష్టమే అన్నారు. ఉపసంఘం తన నివేదికను మరో ఉపసంఘానికి సిఫార్సు చేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఏడిళ్ళ వాళ్ళూ వచ్చి పిన్నిని పలకరించి వెళ్ళారు. ఇంట్లో మనిషికి ఒంట్లో బాగుండకపోతే పలకరించినట్టు పలకరించారు.

బుధవారం వచ్చింది. మూడో రోజూ అదే, బృందం వచ్చే రోజూ అదే. ముగ్గురు పరిశీలకులు, వాళ్ళకి నాయకుడిగా తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన. సన్నద్ధత చూపించడానికి మా వీధిలో ఊహాత్మక విన్యాసం ఏర్పాటైంది. దీని నియమాలు నేనే టైపు చేశాను. సైరను మోగగానే ఊహాత్మక విపత్తు సంభవించినట్టు. ప్రతి ఇంటికీ తొమ్మిదో నంబరు ఫారం ఇస్తారు, దాని మీద అడ్డంగా ఎర్రసిరాతో ఊహాత్మకం అని ఉంటుంది. అది అందుకున్న గృహస్థులు ముద్రలను ఊహాత్మకంగా విప్పి, ఆహారాన్ని ఊహాత్మకంగా భుజించవలెను. నిజంగా విప్పినచో చర్య తీసుకోబడును.

పదకొండింటికి సైరను మోగింది. వీధి వీధంతా గుమ్మాల్లో విస్తళ్ళు లేకుండా కూర్చుని గాలి కలుపుకుని గాలి తిన్నారు. పెద్దాయన చాలా సంతోషించారు. ప్రజలకు ఆదర్శంగా ఉండాలని ఆయనా, బృందమూ, మా అధికారులూ మా అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఊహాత్మకంగా భోంచేశారు. వరాహమూర్తి గారు ఊహలో పెరుగు మారు కూడా వడ్డించుకున్నారు. అసలు భోజనాలు కాలవ అవతల ట్రావెలర్స్ బంగళాలో ఉన్నాయి.

పిన్ని మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని జాడీ పక్కన కూర్చుంది. కలపండమ్మా, ఊహలో కలపండి, అనుమతి ఉంది, అని వరాహమూర్తి గారు బతిమాలారు.

"ఊహలో కలిపితే ఊహలోనే ఊరుతుంది నాయనా. ఏడిళ్ళ వాళ్ళు అన్నంలో ఏం వేసుకుంటారు?" అంది పిన్ని.

పెద్దాయన ఆ మాట నోటు చేసుకోబోతుండగా పడమట నల్లగా కమ్మింది. మే నెల గాలివాన సంగతి మీకు తెలుసు. అది ఏ బృందం కోసమూ ఆగదు. మూడు నిమిషాల్లో ఆకాశం విరిగి మీద పడ్డట్టయింది. అధికారులంతా ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని మా హాల్లోకి దూరారు. పెళపెళమని చప్పుడు. కాలవ వంతెన మీద రావిచెట్టు కూలిందని వీధిలోంచి కేక వచ్చింది. భోజనాలు అవతల ఒడ్డున ఉండిపోయాయి. కరెంటు పోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి మొహాలు కనబడనంత చీకటి. టార్చిలైట్లు అన్ని ఇళ్ళల్లోనూ భద్రంగా ఉన్నాయి. కిటికీలోంచి జల్లు కొడుతోంది. గోనెపట్టా మూటలో భద్రంగా ఉంది.

మూడున్నర అయ్యేసరికి గాలి తగ్గింది గానీ వాన తగ్గలేదు. అప్పటికి ఊహాత్మక భోజనం అరిగిపోయింది. వంటింట్లోంచి అన్నం వాసన వచ్చింది. అగ్గిపెట్టెలు సీలైన దగ్గర్నుంచీ పిన్ని కుంపట్లో నిప్పు ఆరనివ్వలేదు. అన్నం ఉందా అమ్మా అని పెద్దాయన గొంతు సవరించుకుని అడిగారు. ఉంది బాబూ, వేడిగా ఉంది అంది పిన్ని. మరి అన్నంలోకి? అని ఆయన ఆగారు. అందరి కళ్ళూ జాడీ మీద పడ్డాయి. పొడులూ, వడియాలూ, మాగాయా అన్నీ ముద్రలోనే ఉన్నాయి.

ఇది ఊహాత్మకం కాదు, నిజమైన విపత్తు, ప్రకటన రాయండి అన్నారు పెద్దాయన. వరాహమూర్తి గారు తలొంచుకున్నారు. అసలు ఫారాలూ, స్టాంపూ ఆఫీసులోని అత్యవసర పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టెకి ఆయనే స్వయంగా సీలు వేశారు. విప్పాలంటే తొమ్మిదో నంబరు ఫారం కావాలి. ఇలాంటి నిబంధన ఎవరు రాశారని పెద్దాయన గట్టిగా అడిగారు. ఉత్తర్వు కింద సంతకం ఎవరిదో ఆ గదిలో అందరికీ తెలుసు. కాసేపటికి ఆయనకీ గుర్తొచ్చింది, తలెత్తి దూలాలు లెక్కపెట్టారు.

సీలు విప్పేయండమ్మా, మేమే ఉన్నాం కదా అన్నాడు బృందంలో ఒకాయన. పిన్ని కదల్లేదు.

"మీ ఆకలికి విప్పనండి. ఆకలైతే ఉప్పేసుకుని తినచ్చు, నేనూ రెండ్రోజులుగా అదే తింటున్నాను. ఇవాళ మూడో రోజు, పొద్దు గూకేలోగా దీన్ని కలపాలి. మావాడి ఉద్యోగానికి ఏ ఢోకా లేకుండా కాగితం రాసివ్వండి. కాగితం నా చేతికొచ్చాక తెడ్డు, ఆ తరవాత అన్నం."

పిన్ని రెండ్రోజులుగా ఉప్పు అన్నం తింటోందని నాకు తెలియదు. నా కంచంలో మాత్రం రెండు పూటలా కూర ఉంది. సిగ్గుతో నేను గోడవైపు తిరిగాను.

అబ్బులు ముందుకొచ్చి, ఇందాక ఈ ఇంటికిచ్చిన ఊహాత్మక ఫారం మీద స్టాంపు ఉండనే ఉంది, ఎర్రసిరా కొట్టేసి వాడుకోవచ్చు కదండి అన్నాడు. మూడు రోజుల్లో మా ఆఫీసుకి తట్టిన మొదటి ఆలోచన అది. వరాహమూర్తి గారు పెన్ను తీశారు. విపత్తు స్వభావం అనే గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. గాలివాన అని రాయాలంటే గాలి వేగం వేయాలి, వేగం కొలిచే యంత్రం అత్యవసర పెట్టెలో ఉంది. వరద అని రాయాలంటే నీటి లోతు వేయాలి, కొలిచే కర్ర కూడా అందులోనే ఉంది. కొలవకుండా రాస్తే ఆడిట్లో నిలవదు. ఆయన పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ తీశారు. ఆకలితోనో, నిజాయితీతోనో చెప్పలేను.

"మూడో రోజు అని రాయండి. అందులో అబద్ధం లేదుగా" అంది పిన్ని.

ఆయన పెద్దాయన వైపు చూశారు. పెద్దాయన జాడీ వైపు చూశారు. విపత్తు స్వభావం: మూడో రోజు అని రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టారు. పిన్ని ఆ కాగితాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మడిచి బొడ్లో దోపుకుంది. లక్క నేనే విరిచాను.

వాసెన విప్పగానే అందరూ జాడీ మీదికి వంగారు. పైన రవ్వంత ఎండింది, బూజు లేదు. పిన్ని తెడ్డు అడుగుదాకా దించి, కింది ముక్క పైకీ పై ముక్క కిందికీ తెచ్చి, చిటికెడు నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. మేమందరం ఆవిడ మొహమే చూస్తున్నాం. కొద్దిగా ఉప్పు తక్కువైందంది. గుప్పెడు ఉప్పు చల్లి, పప్పునూనె పోసి, మళ్ళీ కలిపింది. అప్పుడు కళ్ళు తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూశాక సస్పెన్షన్ వచ్చినా ఫరవాలేదనిపించింది నాకు. కాగితం ఉంది కాబట్టి అలా అనిపించి ఉంటుంది.

వేడన్నంలో కొత్తావకాయ కలిపి, పిన్ని అందరి చేతుల్లోనూ ముద్దలు పెట్టింది, నా నాలుగో తరగతిలో పెట్టినట్టే. వరాహమూర్తి గారు "పై విషయమై ఇంకొక్క ముద్ద" అన్నారు. వాన తగ్గి, వంతెన మీద చెట్టు కొట్టేదాకా పెద్దాయన ఏడు ముద్దలు తిన్నారు.

మర్నాడు ఏడిళ్ళ వాళ్ళూ గిన్నెలు తెచ్చుకుని తమ వాటాలు పట్టుకెళ్ళారు. మా పట్టణానికి సంపూర్ణ సన్నద్ధ పట్టణం బిరుదు వచ్చింది. కథ ఇక్కడితో అయిపోయిందని మేం సంతోషించాం. కానీ పిన్ని చేత్తో తిన్నవాళ్ళు ఊరికే ఉండలేరు. మూడు వారాలకి రాజధాని నుంచి సవరణ ఉత్తర్వు వచ్చింది. విపత్తుల జాబితాలో పదిహేనోదిగా మూడో రోజు చేరింది. తేదీ ముందుగానే తెలిసే విపత్తు దేశంలో ఇదొక్కటేననీ, దీన్ని కనుగొన్న ఘనత మా శాఖదేననీ అందులో రాశారు. ఇకమీదట రాష్ట్రమంతటా, సీలు వేసిన మూడో రోజున, ప్రతి ఇంటి అత్యవసర నిల్వలనూ విప్పి, జూనియర్ అసిస్టెంటు సమక్షంలో తెడ్డుతో అడుగుదాకా తిరగ కలిపి, మళ్ళీ సీలు వేయవలెను. ఆహారమనీ పనిముట్లనీ తేడా చూపరాదు.

ఇప్పుడు నేనూ అబ్బులూ లక్క పిడతతో పాటు ఒక తెడ్డు కూడా పట్టుకుని తిరుగుతున్నాం. జనం తాళ్ళూ, కొవ్వొత్తులూ, ఈలలూ గంగాళాల్లో పోసి కలుపుతున్నారు. మొన్న మా ఇంటి వంతు వచ్చింది. నేను రిజిస్టరు తెరిచి, ఉద్యోగ ధర్మం కాబట్టి, అగ్గిపెట్టెలూ లాంతరూ తిరగ కలిపారా అండీ అని పిన్నిని అడిగాను.

"కలిపాన్రా" అంది పిన్ని, వడియాల పిండిలోంచి తలెత్తకుండా. "ఉప్పు చాల్లేదని రాసుకో."